వ్యాసర్పాడి తెలుగు బడి, నా ఎర్ర పెన్ను

ఇంటర్నెట్‌లో తెలుగు విజ్ఞాన సర్వస్వానికి జీతం లేకుండా రాసే వాళ్లు కొందరు ఈ మధ్య మా ఇంటికి వచ్చారు. కొత్తగా చేరినవాళ్లు రాసింది చదివి, ఎలా ఉందో చెప్పే పని వాళ్లకు పడిందట. ‘మీరు ఇదే పని చేశారు కదా మేడమ్, నాలుగు మాటలు రాసివ్వండి, చదివితే ఉత్సాహం రావాలి’ అన్నారు. కాఫీ ఇచ్చి, సరే అన్నాను. నాలుగు మాటలేం ఖర్మ, నలభై రాస్తాను. ఉత్సాహం మాత్రం నా దగ్గర లేదు, ఉన్నట్టు నటించే వయసూ దాటిపోయింది.

పని ఏమిటంటే

తొంభైల చివర్లో, ఇంటర్నెట్ అంటే ఏమిటో మా వీధిలో ఎవరికీ సరిగ్గా తెలియని రోజుల్లో, చెన్నైలోని తెలుగు వర్తకుల ట్రస్టు ఒకటి తెలుగులో విజ్ఞాన సర్వస్వం తయారు చేసి కంప్యూటర్లలో పెడదామని పూనుకుంది. ఆఫీసు జార్జి టౌన్‌లో, ట్రస్టు పెద్దాయన ఎండుమిరపకాయల కొట్టు పైన. మెట్లు ఎక్కేలోపు తుమ్ము రాని మనిషిని నేను చూడలేదు. పైన ఒక కంప్యూటరు, దాని పక్కన పిల్లుల పోట్లాటలాగా అరిచే మోడెము, టైపు చేసే అమ్మాయి, నేను. అంతకు ముందు పాఠ్యపుస్తకాల కంపెనీలో ప్రూఫులు దిద్ది దిద్ది జుట్టు నెరిపించుకున్నదాన్ని. తప్పు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. అందుకే నన్ను పెట్టుకున్నారు.

రాసేవాళ్లంతా స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే. బ్యాంకు గుమాస్తాలు, రిటైరైన లెక్చరర్లు, కొట్లలో లెక్కలు రాసేవాళ్లు. కాగితం మీద రాసి తెచ్చేవారు. నేను చదివి, ఎర్ర పెన్నుతో గీతలు పెట్టి, మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకొని ఏ గీత ఎందుకు పెట్టానో చెప్పాలి. వ్యాసం కుదిరితే టైపుకు పోతుంది. కుదరకపోతే వాళ్లతో పాటు ఇంటికి పోతుంది.

రూలు ఒక్కటే. రాసిన ప్రతి సంగతీ అంతకు ముందే ఎక్కడో ఒకచోట అచ్చయి ఉండాలి. మా తాత చెప్పాడు, మా వీధిలో అందరికీ తెలుసు అంటే చెల్లదు. ఈ రూలు పెట్టింది నేనే. ఇప్పటికీ అది సరైన రూలేనని నా అభిప్రాయం. ఈ రాత చివర్లో నేను చెంపలు వేసుకుంటానని ఎవరైనా ఎదురుచూస్తుంటే ఇక్కడే ఆగిపోవచ్చు.

‘బాగుంది’ అనే మాట

మొదట పొగడండి, తర్వాత తప్పు చెప్పండి అని మీకు నేర్పుతున్నారట. నాకూ పెద్దాయన అదే నేర్పాడు. ‘జీతం లేకుండా వస్తా ఉండారు కదమ్మా, బాగుండాదని ఒక మాట అంటే నీ సొమ్మేం పోతాది?’ అన్నాడు. సరేనని మొదట్లో ఒక లెక్చరరు గారితో ‘చాలా బాగుందండీ, కాకపోతే మొత్తం తిరగరాయాలి’ అన్నాను. ఆయన ‘చాలా బాగుంది’ వరకే విన్నాడు. ఇంటికి పోయి చుట్టాలందరికీ చెప్పుకున్నాడు. వారం తిరగకముందే వచ్చి, నా వ్యాసం ఇంకా ఎందుకు పెట్టలేదని నా బల్ల మీద గుద్దాడు. ఆ వ్యాసం వాళ్ల మామగారి గురించి. ప్రతి వాక్యంలో మామగారు, వారి దానగుణం, వారి దివ్యమైన చిరునవ్వు.

ఆ రోజు నుంచి నేను ‘బాగుంది’ అనడం మానేశాను. తప్పు ఉంటే తప్పు చూపించేదాన్ని. లేని చోట ఊరుకునేదాన్ని. నా మౌనమే మెప్పుగా తీసుకోవాలని అందరికీ చెప్పి పెట్టాను. కొందరు ఏడుపు మొహాలతో మెట్లు దిగారు, కొందరు మళ్లీ రాలేదు. పోనీ అనుకున్నాను.

ఇంకో చిక్కు మా చెన్నై వాళ్లది, ఇది మీకు వేరే ఎక్కడా కనిపించదు. తరతరాలుగా ఇక్కడున్న ఇళ్లల్లో తెలుగు నోటికే గాని చేతికి రాదు. ఇంట్లో అమ్మతో తెలుగు, వీధిలో తమిళం, పెళ్లి శుభలేఖ ఇంగ్లీషు. ఒకాయన మంచి వ్యాసం తెచ్చాడు, తెలుగులోనే, కాని తమిళ లిపిలో. ఆ లిపిలో రెంటికీ ఒకే అక్షరం కాబట్టి, చదువుతుంటే క ఏదో గ ఏదో తెలియక నాకు తల తిరిగింది. ‘మాకు ఇట్టనే వొస్తాది మేడమ్, మా నాయన ఉత్తరాలు కూడా ఇట్టనే రాసేవాడు’ అన్నాడు. అట్లాంటివాళ్లు ఒకరు కాదు, వచ్చిన పాత కుటుంబాల వాళ్లలో చాలామంది అంతే.

పెద్దాయన సత్రం

పెద్దాయన చెడ్డవాడు కాదు. కరెంటు బిల్లు, మోడెము బిల్లు నోరెత్తకుండా కట్టాడు. ఒకరోజు మాత్రం తమ కుటుంబం కట్టించిన సత్రం మీద వ్యాసం రాయించి నా బల్ల మీద పెట్టించాడు. ఆధారం ఏమిటంటే, ఆ సత్రం ఉత్సవానికి వాళ్లే వేసుకున్న సావనీరు. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు, మధ్య పేజీలో ఆయన దండ వేసుకున్న ఫోటో. పొగడ్తలు కొట్టేసి, మిగిలింది ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చెయ్యాలి? అచ్చులో ఉంది. రూలు ప్రకారం చెల్లుతుంది.

ఇది గుర్తుపెట్టుకోండి. అచ్చు ఆధారం కావాలనే రూలు అబద్ధాలను ఆపుతుంది, నిజమే. అచ్చు వేసుకునే స్తోమత లేనివాళ్లను కూడా ఆపుతుంది. రెండూ ఒకే పెన్నుతో జరుగుతాయి. దీనికి మందు నాకు దొరకలేదు, మీకు దొరికితే చెప్పండి.

గోవిందరాజులు

ఒక ఏప్రిల్ మధ్యాహ్నం వచ్చాడు గోవిందరాజులు. నడివయసు మనిషి, మా ఆఫీసు వీధి చివర ఇనుప సామాన్ల కొట్టులో అకౌంటెంటు. ఇల్లు ఊరికి ఉత్తరాన వ్యాసర్పాడిలో. తుమ్మి, చేతిరుమాలుతో ముక్కు తుడుచుకొని, ‘ఈడ వ్యాసాలు తీసుకునేది మీరేనా మేడమ్?’ అన్నాడు.

కాగితాలు తీసుకొని చూస్తే నాకు ఆశ్చర్యం వేసింది. గుండ్రటి తెలుగు అక్షరాలు. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడివక్కడ ఉన్నాయి. పాత చెన్నై కుటుంబం వాడు ఇంత శుభ్రంగా తెలుగు రాయడం ఆ ఆఫీసులో అదే మొదటిసారి చూడటం.

‘ఎక్కడ నేర్చుకున్నారు?’ అన్నాను.

‘ఆ బడి గురించే మేడమ్ రాసుకోనొచ్చినా. మా వ్యాసర్పాడిలో తెలుగు బడి ఉండాది. రైల్వే యార్డులో మూటలు మోసేటోళ్లు చందాలేసుకోని పెట్టినారు, మా తాత కాలంలో. తర్వాత గవర్మెంటు తీసుకున్నాది. ఇప్పుడు అంతా తమిళమే, తెలుగు సెక్షను మాత్రం ఒకటి మిగిలుండాది. ఆడ తెలుగు చెప్పేది మా అక్క సరోజ, ఆమె ఒక్కతే.’

‘మంచిది. రాసినవి చూసి వారంలో చెప్తాను.’

‘వారం వద్దు మేడమ్, కొంచెం బిరీన చూడండి. ఈ జూన్‌లో పిలకాయలు చేరకపోతే సెక్షను మూసేస్తామని పైనుంచి చెప్పేసినారు.’

జూన్‌కీ నా ఎర్ర పెన్నుకూ ఏమిటి సంబంధం అని అడిగాను. ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు. వాళ్ల వీధుల్లో తల్లిదండ్రులకు కంప్యూటరంటే రొంబ మరియాదట, మహా గౌరవమన్నమాట. తెలుగు బడి అంటే మాత్రం ఏముంది ఆడ అంటారట. ఈ వ్యాసం ఇంటర్నెట్‌లోకి ఎక్కితే, దాని ప్రింటు తీసుకొని ఇల్లిల్లూ తిరుగుతాడట. ‘చూడండయ్యా, మన బడి కంప్యూటర్లో ఉండాది, లోకమంతా చూస్తా ఉండాది అని చెప్తా మేడమ్. పది ఇండ్లలో ఒకరన్నా పంపిస్తారు. అది చాలు.’

ఒక వ్యాసం మీద అంత బరువు పెట్టినవాణ్ని నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

మీరే ఆధారమా

చదివాను. మొదటి వాక్యమే ‘లోకంలో ఇట్టాంటి బడి ఇంకొకటి లేదు’. కొట్టేశాను. ‘తల్లిపాల వంటి తెలుగును పోసి పెంచిన’ అన్నది కొట్టేశాను. వాళ్ల అక్కను ‘త్యాగమూర్తి’ అన్నాడు, అదీ పోయింది. మిగిలిన ప్రతి వాక్యం పక్కన ‘ఆధారం?’ అని రాశాను. కాగితం ఆయన ముందు పెట్టేసరికి అంతా ఎర్రగా ఉంది.

ఆయన నిదానంగా చదువుకున్నాడు. ‘త్యాగమూర్తి అబద్ధమా మేడమ్?’

‘అబద్ధమనడం లేదు. మీరు అనకూడదు. చదివినవాడికి అనిపిస్తే అనుకుంటాడు.’

‘సరే. మరి ఈ ఆధారాలు? మూటలు మోసేటోళ్లు పుస్తకాలు వేస్తారా మేడమ్? నేను తెలుగు రాస్తా ఉండా కదా. ఆడే నేర్చుకున్నా. నేనే ఆధారం.’

‘మీరు అచ్చులో లేరు గోవిందరాజులు గారూ,’ అన్నాను.

ఆయన పకపకా నవ్వాడు. నవ్వుతూనే కాగితాలు మడిచి, వెతుకుతానని వెళ్లాడు. ఆ నవ్వు చూసి నాకు ప్రాణం ఉసూరుమంది. కోపం తెచ్చుకొని పోయుంటే నాకు తేలికగా ఉండేది.

వెతికాడు పాపం. కొట్టు కట్టేశాక లైబ్రరీల చుట్టూ తిరిగాడు. నేనూ ఊరుకోలేదు, నాకు తెలిసిన పాత పత్రికల బైండ్లన్నీ తిరగేశాను. ఆ చుట్టుపక్కల గుడులున్నాయి, యార్డులున్నాయి, సమ్మెలున్నాయి. బడి ఊసే లేదు. అన్నేళ్లు అన్ని తరగతులు నడిచి, ఒక్క ముక్క అచ్చులోకి ఎక్కకుండా ఎలా మిగిలిందో నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆ బడిలో చదివి పైకొచ్చినవాళ్లు చందాలిచ్చారు, బెంచీలిచ్చారు, ఫ్యాన్లు పెట్టించారు. దాని గురించి నాలుగు మాటలు అచ్చు వేయించాలన్న ఆలోచన మాత్రం ఒక్కరికీ రాలేదు.

చివరికి నేనే ఒక దారి చెప్పాను. పాత విద్యార్థులంతా కలిసి చిన్న సావనీరు వేయండి, సత్రానికి చెల్లినట్టే దీనికీ చెల్లుతుంది అన్నాను. ఆయన ఎగురుకుంటూ వెళ్లి, వారం తర్వాత మొహం వేలాడేసుకొని వచ్చాడు.

‘అందరూ సరే అన్నారు మేడమ్. తమిళంలో వేద్దాం అంటా ఉండారు. తెలుగులో వేస్తే చదివేది ఎవురురా గోవిందూ అని అడుగుతా ఉండారు.’

‘ఏ భాషలో అడిగారు?’

‘తెలుగులోనే మేడమ్.’

తమిళంలో వేసినా పరవాలేదు, ఆధారం ఆధారమే అని చెప్పాను. అప్పటికి వాళ్లలో వాళ్లకు ఎవరి ఫోటో ముందు పేజీలో వెయ్యాలని తగువు మొదలైంది. సావనీరు అక్కడే ఆగిపోయింది.

పెద్దాయన మాట

మే నెలలో పెద్దాయన దగ్గరికి కిందికి దిగాను. మిరపకాయ బస్తాల మధ్య కూర్చొని ఫోన్లో ధరలు మాట్లాడుతున్నాడు. ఫోన్ పెట్టేదాకా నిలబడి, ఈ ఒక్క వ్యాసానికి రూలు సడలిద్దామా అని అడిగాను. నా నోటితో ఆ మాట అడుగుతానని నేనే అనుకోలేదు.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ‘రూలు పెట్టింది నువ్వు కదమ్మా. దీన్ని వొదిలితే మా చుట్టాలంతా వాళ్ల తాతల కతలు పట్టుకోని ఈ మెట్లెక్కుతారు. నువ్వు ఆపగలవా?’

నేను వెనక్కి తిరిగాను.

‘ఆ గోవిందరాజులు మంచోడే. నాకు తెలుసు. మంచోడికి ఒక రూలు, మిగిలినోళ్లకి ఒక రూలు అంటే అది యాపారమా, ధర్మమా?’

ఆయన అన్నది న్యాయమే. నా మాటనే నాకు అప్పజెప్పాడు. జీవితంలో నన్ను ఓడించిన వాదన అది ఒక్కటే, అదీ నాదే.

పైకి వెళ్లకుండా ఆ సాయంత్రం వ్యాసర్పాడి బస్సెక్కాను. బడికి వేసవి సెలవులు, అయినా సరోజ ఉంది. ఊడ్చుకొని, నల్లబల్ల తుడుచుకొని, గోడ మీద అక్షరాల పటాలు అతికిస్తోంది. తమ్ముడిలాగా నవ్వే మనిషి కాదు.

‘వాడు పిచ్చోడు మేడమ్,’ అంది. ‘కాగితం చూసి ఎవురన్నా పిలకాయల్ని పంపిస్తారా? నేనే నా బిడ్డల్ని ఇంగ్లీష్ మీడియంలో వేసినా. ఆ మాట వాణ్ని ఎవురన్నా ఎదురుగా అడిగితే ఏం చెప్తాడు?’

‘మరి ఈ పటాలు ఎందుకు అతికిస్తున్నారు?’ అన్నాను.

‘జూన్‌లో బడి తెరిస్తే గోడలు బోసిగా ఉండకూడదు కదా,’ అంది. స్టూలు కదలకుండా పట్టుకోమంది. పట్టుకున్నాను.

జూన్

ఈలోపు గోవిందరాజులు వ్యాసం మాత్రం నానాటికీ మెరుగైంది. చెప్పిన తప్పు మళ్లీ చెయ్యలేదు. విశేషణాలు రాలిపోయాయి. ఎవరిని గురించి రాసినా తూకం తప్పలేదు. నా దగ్గర అంత త్వరగా పని నేర్చుకున్నవాడు ఇంకొకడు లేడు. ఆధారం మాత్రం లేదు. ప్రతిసారీ అదే మాట రాసి వెనక్కి ఇచ్చాను.

జూన్ వచ్చింది. చేతిలో ప్రింటు కాగితం లేకుండానే ఇల్లిల్లూ తిరిగాడు. ఒక బెంచీకి కూడా చాలినంత మంది చేరలేదు. ఆ కాగితం ఉంటే చేరేవాళ్లా అని నన్ను అడగకండి. సరోజ చేరరంది. ఆయన చేరతారన్నాడు. నిజం తెలుసుకునే దారి ఇక లేదు. సెక్షను మూసేశారు. సరోజను వేరే బడికి మార్చారు, అక్కడ తెలుగు లేదు, కుట్టుపని చూసుకోమన్నారట.

ఆఖరి వ్యాసం

ఆ సైటు ఇప్పుడు లేదు. చూడాలంటే మా ఫాంటు దించుకోవాలి, ఆ ఫాంటు ఇప్పటి కంప్యూటర్లకు తెలియదు. పెద్దాయన పోయాక కొడుకులు పై అంతస్తును గోడౌను చేశారు. మేము రాసింది, నేను కొట్టేసింది, అంతా ఒకటే అయిపోయింది. కాబట్టి గోవిందరాజులు వ్యాసాన్ని మీరు ఎంత వెతికినా దొరకదు. అది సైటులోకి ఎలా ఎక్కిందో మాత్రం చెప్పి ముగిస్తాను.

వానలు మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం మెట్ల మీద తుమ్ము వినిపించింది. లోపలికి వచ్చి, జేబులోంచి తమిళ పత్రిక ముక్క ఒకటి తీసి నా బల్ల మీద పరిచాడు. లోపలి పేజీలో, సైకిళ్ల ప్రకటన కింద, చిన్న వార్త. రైల్వే యార్డు కూలీలు చందాలతో మొదలుపెట్టిన వ్యాసర్పాడి బడిలో తెలుగు విభాగం పిల్లలు లేక మూతపడింది.

‘ఆధారం దొరికింది మేడమ్,’ అన్నాడు.

ఆ బడి పుట్టినప్పుడు ఎవరూ అచ్చు వెయ్యలేదు. నడిచినన్నాళ్లూ వెయ్యలేదు. పోయినందుకు వేశారు. నాకు ఆ ముక్కను చింపి కిందికి విసిరేయాలనిపించింది. కాని రూలు ప్రకారం చెల్లుతుంది.

వ్యాసం కూడా కొత్తగా రాసి తెచ్చాడు. వార్తలో ఏముందో అంతే, ఒక్క మాట ఎక్కువ లేదు. ఎక్కడుంది, ఎవరు పెట్టారు, ఎందుకు మూసేశారు. వాళ్ల అక్క పేరు లేదు, అచ్చులో లేదు కాబట్టి. పెన్ను మూత తీసి చేతిలో పట్టుకొని చదివాను. మళ్లీ చదివాను. గీత పెట్టడానికి చోటు కనబడలేదు. పెన్నుకు మూత పెట్టేశాను.

నేను ఊరుకుంటే మెప్పు అని ఆయనకు తెలుసు. అయినా కదల్లేదు. కుర్చీ అంచు మీద అలాగే కూర్చున్నాడు.

‘ఎట్టుండాది మేడమ్?’ అన్నాడు.

‘బాగుంది,’ అన్నాను.

ఆయన తలాడించి లేచాడు. మెట్ల దగ్గర ఆగి, ‘ఇంక నేను రావాల్సిన పనుండదు కదా మేడమ్,’ అన్నాడు.

ఉండదు అన్నాను.